షుగర్ టెస్టుకు ముందు గుండె దడ: ల్యాబ్ వైపు నుంచి ఒక సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వయసు 37, విజయవాడలో ఉద్యోగం. ఆఫీసు వాళ్లు ఏటా చేయించే హెల్త్ చెకప్ వచ్చే వారం ఉంది. మీ నాన్నగారికి షుగర్ ఉండేది, చివర్లో కాలి వేళ్లు తీసేయాల్సి వచ్చింది. పోయిన ఏడాది జ్వరమని చెప్పి మీరు చెకప్ తప్పించుకున్నారు. కాలేజీ రోజుల్లో ఒకసారి రక్తం తీస్తుంటే కళ్లు తిరిగి పడిపోయారు. ఇప్పుడు తేదీ దగ్గర పడేకొద్దీ నిద్ర పట్టడం లేదు. పైగా ఈ టెన్షన్‌కే షుగర్ పెరిగి రిపోర్టులో వచ్చేస్తుందేమోనని ఇంకో భయం.

నేను డాక్టర్ని కాదమ్మా, ల్యాబ్ టెక్నీషియన్‌ని. మొదట ప్రభుత్వాసుపత్రిలో, తరవాత ప్రైవేటు ల్యాబులో, ఉద్యోగమంతా పొద్దున్నే పరగడుపున వచ్చి కూర్చునే క్యూ ముందే గడిచింది. మందుల సంగతి మీ డాక్టరు చెప్పాలి. టెస్టు సంగతి, టెస్టు ముందు మనుషులు పడే అవస్థ సంగతి నేను చెప్పగలను.

సూదికి భయపడేవాళ్లెవరో, రిపోర్టుకి భయపడేవాళ్లెవరో కుర్చీలో కూర్చోగానే మాకు తెలిసిపోతుంది. సూది భయం ఉన్నవాళ్లు మా చేతుల వంకే చూస్తుంటారు. ట్రేలోంచి ఏం తీస్తున్నామో, సూది ఎంత లావుందో వాళ్లకి కావాలి. రిపోర్టు భయం ఉన్నవాళ్లు చెయ్యి చాపేసి ఎటో చూస్తుంటారు. సూది దిగినా ఉలకరు. కానీ ‘రిపోర్టు ఎన్నింటికొస్తుందండీ’ అని రెండు మూడుసార్లు అడుగుతారు. లేవబోతూ ‘మొన్న పెళ్లిలో స్వీట్లు కాస్త ఎక్కువే తిన్నానండీ, దాని వల్ల ఏమన్నా...’ అని ఆగిపోతారు. రిపోర్టు రాకముందే సంజాయిషీ సిద్ధం చేసుకున్నారన్నమాట. మీకు రెండు భయాలూ ఉన్నాయి. కానీ మీరు రాసిన తీరు చూస్తే సూది గురించి ఒక్క వాక్యం, రిపోర్టు గురించి మిగతాదంతా. నిద్ర చెడగొడుతున్నది ఆ రెండోదే.

ముందు మీరు నేరుగా అడిగినదానికి జవాబు. టెన్షన్ వల్ల షుగర్ పెరుగుతుందా? కొంచెం పెరుగుతుంది. కంగారు పడినప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు ఎక్కువవుతాయి. కాలేయం దాచి ఉంచిన గ్లూకోజును అవి రక్తంలోకి వదిలిస్తాయి. షుగర్ లేని మనిషిలో ఆ వెంటనే ఇన్సులిన్ కూడా పెరిగి దాన్ని సర్దేస్తుంది. క్యూలో కూర్చుని కంగారు పడినంత మాత్రాన 90 రావాల్సిన ఫాస్టింగ్ 150 అయిపోదు. 97 రావాల్సింది 103 వస్తే రావచ్చు. ఆ మాత్రం తేడా ఏ కంగారూ లేని రోజున కూడా వస్తుంది. ఒకే మనిషికి వరసగా నాలుగు రోజులు ఫాస్టింగ్ తీసి చూడండి, నాలుగు రోజులూ ఒకే అంకె రావడం అరుదు.

ఇక హెచ్‌బీఏ1సీ, క్లుప్తంగా ఏ1సీ, అనే టెస్టుకి మీ కంగారుతో పనే లేదు. చాలా చెకప్ ప్యాకేజీల్లో ఫాస్టింగ్‌తో పాటు ఇదీ ఉంటుంది. మీ కాగితంలో ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. అన్ని రోజులూ రక్తంలో ఉన్న గ్లూకోజు కొద్దికొద్దిగా దానిలోని హిమోగ్లోబిన్‌కి అంటుకుంటూ ఉంటుంది. అలా ఎంత శాతం అంటుకుందో కొలిచేదే ఈ టెస్టు. అంటే గత రెండు మూడు నెలల సరాసరి, అందులోనూ ఆఖరి నెలది ఎక్కువ వాటా. ఆ రోజు పొద్దున మీ గుండె ఎంత కొట్టుకున్నా, ముందు రాత్రి నిద్ర లేకపోయినా ఆ శాతం కదలదు. దీనికి పరగడుపున ఉండాల్సిన పని కూడా లేదు.

నిజంగా ఫాస్టింగ్‌ను పెంచేవి వేరే ఉన్నాయి. జ్వరం, ఏదైనా ఇన్ఫెక్షన్, ఈమధ్యే జరిగిన ఆపరేషన్, ఆస్తమాకో కీళ్ల నొప్పులకో చర్మానికో వాడుతున్న స్టిరాయిడ్ మాత్రలు. ఇవేవన్నా ఉంటే రక్తం తీసేవాళ్లకీ, రిపోర్టు చూసే డాక్టరుకీ చెప్పాలి. జ్వరముంటే పది రోజులు ఆగి చేయించుకోవడమే మంచిది. నిజం జ్వరమైతేనే సుమా.

టెస్టు ముందు మనవాళ్లు చేసే ఇంకో పని ఉంది. వారం ముందు నుంచీ అన్నం మానేసి జొన్నరొట్టె, కాకరకాయ రసం, పొద్దునా సాయంత్రం నడక. టెస్టు అయిన రోజు మధ్యాహ్నం బిర్యానీ. మామిడిపళ్ల రోజుల్లో ‘ఇప్పుడొద్దులే, పళ్లు అయిపోనీ’ అంటారు. జనవరిలో అరిసెలు అయిపోనీ అంటారు. పరీక్షకి ముందు రాత్రి చదివినట్టు రక్తాన్ని తయారు చేసుకొస్తారు. మీరు ఇది చేయకండి. ఏ1సీ దీనికి లొంగదు. ఫాస్టింగ్ కాస్త తగ్గితే తగ్గొచ్చు, దాని వల్ల దొరికే నిశ్చింత నకిలీది. గ్లూకోజు నీళ్లు తాగించి చేసే టెస్టులోనైతే ఫలితం తిరగబడుతుంది కూడా. మూడు రోజులు అన్నం మానేసిన శరీరం ఒక్కసారిగా వచ్చిన 75 గ్రాముల గ్లూకోజును తట్టుకోలేక లేని షుగర్‌ని చూపించే అవకాశం ఉంది. అందుకే ఆ టెస్టుకు ముందు మూడు రోజుల పాటు రోజుకు కనీసం 150 గ్రాముల పిండిపదార్థం ఉండేలా మామూలు భోజనం చేయమంటారు. మీరు రోజూ ఎలా తింటారో అలాగే తిని రండి. తెలుసుకోవాల్సింది మీ మామూలు రోజుల సంగతే కదా.

ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నరకో తొమ్మిదికో భోజనం చేస్తే చాలు. షుగర్‌కి 8 గంటల ఖాళీ కడుపు సరిపోతుంది. కొలెస్ట్రాల్ కూడా ఉంటే 10 నుంచి 12 గంటలు ఉండమంటారు. కొంతమంది భక్తిగా సాయంత్రం ఆరింటికే తినేసి మర్నాడు తొమ్మిదింటికి నీరసంగా వస్తారు, అలా అక్కర్లేదు. కాఫీ, టీ వద్దు, పంచదార వేసుకోకపోయినా వద్దు. మంచినీళ్లు మాత్రం తాగాలి. పరగడుపు అంటే నీళ్లు కూడా ముట్టకూడదనుకుని వచ్చేవాళ్లు రోజూ తగులుతారు. నీళ్లు లేక నరం లోపలికి పోతుంది, మేం వెతుకుతాం, వాళ్లకి రెండు పోట్లు, భయం ఇంకాస్త. పొద్దున లేవగానే రెండు గ్లాసులు తాగి రండి. కళ్లు తిరిగే మనిషికి అది ఇంకా అవసరం.

తిన్నాక రెండు గంటలకు ఇంకో శాంపిల్ ఇవ్వమంటే, ఆ రెండు గంటలు లెక్కపెట్టాల్సింది ఇడ్లీ మొదటి ముక్క నోట్లో పెట్టిన దగ్గర్నుంచి. చెయ్యి కడుక్కున్న దగ్గర్నుంచి కాదు. ఆ మధ్యలో మెట్లెక్కి దిగడాలు, కారిడార్‌లో చుట్లు కొట్టడాలు కూడా వద్దు.

ఇప్పుడు సూది సంగతి. మీరు పడిపోయిన రోజు ఏం జరిగిందో తెలిస్తే సగం భయం పోతుంది. పామునో కుక్కనో చూసి భయపడితే గుండె వేగం, బీపీ రెండూ పెరుగుతాయి. బీపీ పెరిగినవాడు కళ్లు తిరిగి పడడు. రక్తం, సూది చూసి భయపడే కొంతమందిలో మాత్రం మొదట కాస్త పెరిగి, వెంటనే రెండూ ధబేలున పడిపోతాయి. మెదడుకి రక్తం తగ్గుతుంది. చెవులు దిబ్బడేసినట్టవడం, చెమటలు, కడుపులో తిప్పడం, కళ్ల ముందు చీకటి. ఇది నాడుల పని, ధైర్యానికి సంబంధించింది కాదు. ఇళ్లలో వరసగా కూడా వస్తుంటుంది. బయట కుస్తీలు పట్టే మనుషులు మా కుర్చీలో జారిపోవడం నేను చూశాను.

అందుకే అందరూ చెప్పే ‘ఒళ్లు వదులు చేసి గట్టిగా ఊపిరి తీసుకో’ అన్న సలహా మీలాంటి వాళ్లకి అంతగా పనికి రాదు. ఒళ్లు వదులైతే బీపీ ఇంకాస్త దిగుతుంది. మీకు కావాల్సింది బిగించడం. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త లార్స్ గోరన్ ఓస్ట్ 1980లలో సరిగ్గా ఈ కళ్లు తిరిగేవాళ్ల కోసమే ఒక పద్ధతి తయారు చేశాడు. తొడలు, పిక్కలు, పొట్ట, చేతులు గట్టిగా బిగపట్టాలి. ముఖం కాస్త వేడెక్కినట్టు అనిపించేదాకా, పది పదిహేను సెకన్లు. తరవాత వదిలేయాలి, కానీ పూర్తిగా జారగిలబడకుండా మామూలు స్థితికి వస్తే చాలు. ఇరవై ముప్పై సెకన్లు ఆగి మళ్లీ. ఇలా ఐదుసార్లు. ఊపిరి బిగపట్టకూడదు. ఇవాళ్టి నుంచి టెస్టు రోజు దాకా రోజూ రెండు మూడు పూటలు ఇంట్లో కుర్చీలో కూర్చుని చేయండి. అక్కడ కూర్చున్నప్పుడు రక్తం తీసే చేతిని మాత్రం వదులుగా ఉంచి మిగతా ఒళ్లంతా బిగించండి. చెయ్యి బిగిస్తే సూది నొప్పెక్కువ, నరం కూడా కదులుతుంది. మీకు బీపీ గానీ గుండె జబ్బు గానీ ఉంటే ఇది మొదలెట్టే ముందు డాక్టర్ని అడగండి.

దీనికన్నా సులువైన పని ఇంకోటుంది. వెళ్లగానే ‘నాకు రక్తం తీస్తే కళ్లు తిరుగుతాయి, పడుకోబెట్టి తీయండి’ అని చెప్పండి. చాలా ల్యాబుల్లో ఒక బల్ల ఉంటుంది. పడుకున్న మనిషి కింద పడడు, బీపీ కూడా అంత దిగదు. నవ్వుతారేమో అనుకోవద్దు. చెప్పకుండా కూర్చుని దబ్బున పడిపోయే మనిషి కన్నా ముందే చెప్పే మనిషి మాకు ఎంతో మేలు. హెల్త్ క్యాంపు మీ ఆఫీసులోనే పెడితే, కాన్ఫరెన్స్ రూములో అందరి ముందూ వరస కుర్చీల్లో తీస్తుంటారు, మీకది సరిపడదు. ల్యాబుకే వచ్చి ఇస్తానని ముందే అడగండి, మామూలుగా ఒప్పుకుంటారు.

తీయడం ఎలా ఉంటుందంటే, మోచేతి పైన రబ్బరు పట్టీ కడతారు. అది ఒక నిమిషం మించి ఉండకూడదు. మోచేయి మడతలో వేలితో నొక్కి చూస్తారు. స్పిరిట్ దూది చల్లగా తగులుతుంది. ఆ తడి ఆరకముందే గుచ్చితే మంటెక్కువ, ‘కాస్త ఆరనివ్వండి’ అని అడిగే హక్కు మీకుంది. తరవాత ఒక్క పోటు. సూది మళ్లీ తీసి గుచ్చకుండానే ట్యూబులు మారుస్తారు. బూడిద రంగు మూతది షుగర్‌కి, ఊదా రంగు మూతది ఏ1సీకి. ఆ బూడిద రంగు ట్యూబులో ఫ్లోరైడ్ ఉంటుంది. ఎందుకంటే ట్యూబులోకి వచ్చాక కూడా రక్తకణాలు బతికే ఉంటాయి, గంటకి 5 నుంచి 7 శాతం గ్లూకోజును తినేస్తూ ఉంటాయి. దాన్ని ఆపడానికే ఆ మందు. అదీ వెంటనే పూర్తిగా పనిచేయదు కాబట్టి శాంపిల్‌ను చల్లగా ఉంచి త్వరగా వేరు చేయడం మా పని. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే కుర్రాడు ఆ సంచితో ఎండలో ఇంకో పది ఇళ్లు తిరిగితే మీ షుగర్ ఉన్నదానికన్నా తక్కువ వస్తుంది. అందుకే నా ఓటు ల్యాబుకి వెళ్లి ఇవ్వడానికే. షుగర్ టెస్టులు రెండింటికీ కలిపి తీసేది ఒక టీస్పూను. మీ ఒంట్లో ఉన్నది నాలుగైదు లీటర్లు.

రెండుసార్లు గుచ్చినా నరం దొరక్కపోతే ఇంకొకర్ని పిలవమనండి, మా పనిలో అది మామూలే, ఎవరూ చిన్నబుచ్చుకోరు. అయిపోయాక దూది పెట్టి చెయ్యి చాపి ఉంచి రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టుకోండి. మోచేయి మడవడం వల్లే చాలామందికి నల్లగా కమిలిపోతుంది. పది నిమిషాలు పడుకునే ఉండండి. స్కూటీ మీద ఒంటరిగా వెళ్లకండి, మీ వారినో చెల్లెలినో తోడు తీసుకెళ్లండి. నొప్పి భయం మరీ ఎక్కువైతే లిగ్నోకెయిన్, ప్రిలోకెయిన్ కలిసిన తిమ్మిరి క్రీము ఉంటుంది, గంట ముందు రాసుకోవాలి, డాక్టర్ని అడిగి తీసుకోండి.

సూది సంగతి అంతే. అసలు భయం దగ్గరికి వద్దాం.

ఫాస్టింగ్ 100 లోపు ఉంటే మామూలు. 100 నుంచి 125 దాకా ప్రీడయాబెటిస్, మనవాళ్లు బార్డర్ అంటారు. 126, ఆ పైన వస్తే షుగర్ ఉన్నట్టు. ఏ1సీలో 5.7 లోపు మామూలు, 5.7 నుంచి 6.4 బార్డర్, 6.5 నుంచి షుగర్. గ్లూకోజు తాగిన రెండు గంటలకు 140 లోపు మామూలు, 200, ఆ పైన వస్తే షుగర్. ఇవి అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ గీతలు, మన ల్యాబుల్లో చాలావాటి రిపోర్టుల పక్కన అచ్చయ్యేవీ ఇవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫాస్టింగ్ బార్డర్‌ను 110 నుంచి మొదలుపెడుతుంది. అంటే 104 వచ్చిన మనిషి ఒక లెక్కలో బార్డర్, ఇంకో లెక్కలో మామూలు. 1997 దాకా ఫాస్టింగ్ 140 వస్తే గానీ షుగర్ అనేవారు కాదు. కంటి రెటీనా దెబ్బతినడం ఏ స్థాయి దగ్గర మొదలవుతుందో చూసి దాన్ని 126కి దించారు. గీతకి అటు ఒక అంకె, ఇటు ఒక అంకె వచ్చినందుకు మీ ఒంట్లో రాత్రికి రాత్రి ఏదీ మారదని చెప్పడానికే ఇదంతా.

ఇంకో ముఖ్యమైన సంగతి. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం లాంటి లక్షణాలు లేని మనిషికి ఒక్క అంకె చూసి షుగర్ ఉందని తేల్చరు. రెండు టెస్టులు గీత దాటాలి. ఒకే రోజు ఫాస్టింగ్, ఏ1సీ రెండూ దాటినా సరే, లేదంటే అదే టెస్టు ఇంకో రోజు మళ్లీ చేసి దాటినా సరే. ఫాస్టింగ్ 128 అని ఫోనులో చూసుకుని ఆ రాత్రే జీవితం అయిపోయిందనుకున్నవాళ్లు, మళ్లీ చేయిస్తే 117తో రావడం కొత్తేం కాదు. అది కూడా బార్డరే, పట్టించుకోవాల్సిందే. కానీ ఆ రాత్రి పడిన ఏడుపు దండగ.

ఆడవాళ్ల విషయంలో ఏ1సీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దని కూడా చెప్పాలి. ఐరన్ తక్కువై రక్తం పల్చబడినప్పుడు ఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. తలసీమియా లాంటి హిమోగ్లోబిన్ తేడాలుంటే, ఈమధ్య రక్తం ఎక్కించుకుని ఉంటే కూడా అది తప్పు చెప్తుంది. ఫాస్టింగ్ 92 ఉండి ఏ1సీ 6.0 వస్తే ముందు హిమోగ్లోబిన్ ఎంతుందో చూడాలి.

మీ నాన్నగారి కాలి గురించి. ఆయనకు షుగర్ ఎప్పుడు తేలిందో మీరు రాయలేదు. ఆ తరంలో మేం చూసింది ఎలా ఉండేదంటే, చెప్పు కరిచిన పుండు నెలైనా మానలేదని వస్తే అప్పుడు షుగర్ చూసేవాళ్లు, 300 పైన ఉండేది. అంటే అప్పటికే ఎన్నో ఏళ్లుగా ఎవరికీ తెలియకుండా ఉందన్నమాట. ఏళ్ల తరబడి ఎక్కువ షుగర్ ఉంటే పాదాల్లో స్పర్శ పోతుంది, రక్తప్రసరణ తగ్గుతుంది, గుచ్చుకున్నది తెలియదు, తెలిసేసరికి చీము పట్టి ఉంటుంది. వేళ్లు పోవడం ఆ దారి చివర జరిగేది. బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ఫలితాలు వెలువడిన యూకేపీడీఎస్ అధ్యయనంలో, కొత్తగా షుగర్ తేలినవాళ్లలో దాదాపు సగం మందికి అప్పటికే కన్నో నరమో ఏదో ఒకచోట దెబ్బ మొదలై ఉంది. అదే అధ్యయనంలో షుగర్‌ను గట్టిగా అదుపులో పెట్టినవాళ్లకి కళ్లు, కిడ్నీల లాంటి చోట్ల సమస్యలు పావు వంతు తగ్గాయి. మీరు భయపడుతున్న పాదం కథకు, మీరు వద్దనుకుంటున్న ఈ టెస్టే అడ్డం. ఇందులో మిమ్మల్ని తప్పు పట్టడానికేం లేదు. ఆ కట్టు విప్పడం, కట్టడం కళ్లతో చూసిన పిల్లలకి ఆ భయం ఉంటుంది.

నాన్నకు వచ్చింది కాబట్టి నాకూ రాసిపెట్టి ఉందంటారా? లెక్క వేసి చూద్దాం. చెన్నైలో డాక్టర్ వి. మోహన్ బృందం మన దేశపు మనుషుల కోసం ఒక స్కోరు తయారు చేసింది, ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోర్. మొత్తం 100. అందులో తల్లిదండ్రుల్లో ఒక్కరికే షుగర్ ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20. వయసు 35 నుంచి 49 మధ్య అయితే 20. ఆడవాళ్లకు నడుము కొలత 80 సెంటీమీటర్లు దాటితే 10, 90 దాటితే 20. ఒంటికి ఏ శ్రమా లేని బతుకైతే 30. 60, ఆ పైన వస్తే ముప్పు ఎక్కువ కింద లెక్క. మీకు నాన్న తరఫున వచ్చేది 10. కుర్చీ ఉద్యోగం, నడకా వ్యాయామం లేకపోతే దాని తరఫున వచ్చేది 30. టేపు తీసుకుని నడుము కొలుచుకోండి, మిగతాది మీరే కూడుకోవచ్చు. కాన్పు సమయంలో మీకు షుగర్ వచ్చి తగ్గి ఉంటే మాత్రం ఈ స్కోరుతో పని లేకుండా ప్రతి ఏడాదీ చేయించుకోవాల్సిందే, ఆ మాట డాక్టరుకి తప్పక చెప్పండి.

ఒకవేళ బార్డర్ వచ్చిందనుకోండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇండియాబ్ సర్వే 2023లో చెప్పిన లెక్కల ప్రకారం దేశంలో 13.6 కోట్ల మంది ఆ బార్డర్‌లో ఉన్నారు, షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు. మన దగ్గరే చేసిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు 2006లో వచ్చాయి. బార్డర్‌లో ఉన్నవాళ్లు రోజూ అరగంట నడిచి, తిండి సరిచేసుకుంటే మూడేళ్లలో షుగర్‌లోకి జారేవాళ్లు 28.5 శాతం తగ్గారు. అమెరికాలో ఇలాంటిదే చేస్తే 58 శాతం తగ్గారు. అంటే ఈ దశలో తెలిసినవాళ్ల చేతిలో చాలా ఉంది.

షుగరే వచ్చిందనుకోండి, ఏం జరుగుతుంది? ఇంకో టెస్టుతో ఖాయం చేస్తారు. కంటి రెటీనా, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్, పాదాల్లో స్పర్శ చూస్తారు. చాలామందికి మొదట ఇచ్చేది మెట్‌ఫార్మిన్. 1957 నుంచి వాడుకలో ఉన్న మందు, ఖరీదు తక్కువ, మంచీ చెడూ డాక్టర్లకి కొట్టిన పిండి. కొత్తగా వచ్చిన షుగర్‌ను వెనక్కి తిప్పడం కూడా కొందరికి సాధ్యమే. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే అధ్యయనంలో వైద్యుల పర్యవేక్షణలో బరువు బాగా తగ్గించినవాళ్లలో 46 శాతం మందికి ఏడాది తిరిగేసరికి మందుల్లేకుండానే ఏ1సీ 6.5 లోపుకి వచ్చింది. అందులోకి తీసుకున్నది షుగర్ తేలి ఆరేళ్లు దాటనివాళ్లని. తొందరగా తెలియడం వల్ల ఒరిగేది అదీ.

రిపోర్టు ఈరోజుల్లో వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా వస్తుంది, చాలాసార్లు రాత్రి తొమ్మిదింటికి, డాక్టరు దొరకని వేళకి. ప్యాకేజీలో అరవై డెబ్భై అంకెలుంటాయి. అన్నిటిలో రెండు మూడు పక్కన నల్లగా అచ్చయి ఉండటం ఆరోగ్యవంతులకి కూడా మామూలే. మీలాంటి మనిషి దాన్ని ఒక్కతే తెరిచి రాత్రి రెండింటి దాకా గూగుల్ చేస్తుంది. అందుకని శాంపిల్ ఇచ్చే ముందే మర్నాటికి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు పెట్టేసుకోండి. పీడీఎఫ్‌ను మీ వారి నంబరుకి పంపమని ల్యాబులో చెప్పొచ్చు. ఏమొచ్చినా పొద్దున డాక్టరు దగ్గరే చూద్దామని ఇద్దరూ అనుకోండి. చుట్టాల గ్రూపులో మాత్రం పెట్టకండి. 102 వచ్చిందంటే చాలు, మధ్యాహ్నానికి మెంతులు, నేరేడు గింజల పొడి, ఎవరికో షుగర్ మాయమైన కషాయం అన్నీ వచ్చేస్తాయి. ఏదన్నా తాగాలనిపిస్తే డాక్టర్ని అడిగాకే.

అంతా మామూలుగా వస్తే ఏడాదికోసారి చాలు, మీ ఇంటి చరిత్రకి మూడేళ్లకోసారి అన్న లెక్క వద్దు. బార్డర్ అయితే ఆరు నెలలకా, ఏడాదికా అన్నది డాక్టరు చెప్తారు. మళ్లీ చేయించేటప్పుడు వీలైతే అదే ల్యాబులో చేయించండి, అంకెలు పోల్చుకోవడానికి బాగుంటుంది. గ్లూకోమీటరు కొని రోజూ వేలు పొడుచుకుని చూసుకోవడం మాత్రం మొదలుపెట్టకండి. ఆ మిషన్‌కి 15 శాతం అటూ ఇటూ తేడా చూపించే అనుమతి ఉంది, షుగర్ ఉన్నవాళ్లు రోజువారీ చూసుకోవడానికి అది పనికొస్తుంది గానీ షుగర్ ఉందో లేదో తేల్చడానికి కాదు. భయం ఉన్నవాళ్ల చేతిలో అది ఇంకో టెన్షన్.

రిపోర్టు వచ్చి, డాక్టరుతో మాట్లాడాక ఇంకా ఏదన్నా అనుమానం ఉంటే ఇక్కడే అడగండి. అంకెలు రాసేటప్పుడు ఫాస్టింగ్, ఏ1సీతో పాటు హిమోగ్లోబిన్ ఎంతుందో కూడా రాయండి. అది లేకుండా మీ ఏ1సీ గురించి నేనేం చెప్పలేను.